పద్మనాభయ్య బెత్తెడు రైలు

మా బావ పద్మనాభయ్యకు అరవై దాటాక రైలు పిచ్చి పట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. అది తప్పు. పిచ్చి ముప్పై ఏళ్ళప్పుడే పట్టింది, తీరిక అరవై దాటాక దొరికింది. ఆయన్ని వెక్కిరించే హక్కు మా అక్క మెడలో తాళి పడ్డ రోజే నాకు వచ్చింది, దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు. నా కోపం కూడా ఊరందరికీ తెలిసిందే. కోట ఊళ్ళో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. మోటారు కాల్చుకుని వచ్చి, తామేమీ చెయ్యలేదని ఒట్లు పెట్టే మనుషులతో రోజూ వేగేవాడికి శాంతం ఎక్కణ్ణించి వస్తుంది?

బావ వాళ్ళ ఊరు కోట నుంచి కొత్తపట్నం పోయే దారిలో ఉంది. అంతా ఇసుక నేల. గాలి మళ్ళితే సముద్రం వినిపిస్తుంది. బావ రొయ్యల గుంటలకు కట్టలు వేయించే మేస్త్రీ. తవ్వేది పొక్లెయిను, చెప్పేది ఆయన. ఇసుకలో ఊరికే కట్ట పోస్తే నీళ్ళు దాని అడుగు నుంచి జారిపోతాయి. అందుకని కట్ట వచ్చే చోట ముందు ఇసుకంతా తీయించి, బంకమన్ను తగిలేదాకా కాలవ తవ్వించి, ఆ కాలవను బంకమన్నుతోనే నింపి, దిమ్మిసతో కొట్టించి, ఆ తరవాతే పైన కట్ట లేపేవాడు. ఆయన వేయించిన కట్టలో ఎండ్రకాయకు కూడా బొరియ పెట్టుకోవడం చేతకాదని చెప్పుకునేవారు.

మాటకు కట్టుబడడంలో మాత్రం ఆయనంత మొండివాణ్ణి నేను చూడలేదు. ఒకసారి ఒక ఆసామితో, ఈ కట్ట కారితే మీసం తీసేస్తానన్నాడు. ఆరు నెలలకు ఒక మూల చెమ్మ ఊరింది. ఆసామి పట్టించుకోలేదు, అసలు ఆ మాటే మరిచిపోయాడు. బావ నేరుగా మంగలి షాపుకు పోయి బోడి మూతితో ఇంటికొచ్చాడు. మా అక్క చెంచులక్ష్మి తలుపు తీసి, ఎవరు కావాలని అడిగిందట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక రైలు. తొంభైల్లో ఆయన శ్రీకాకుళం వైపు గుంటలు వేయించడానికి పోయి, కొన్ని నెలలు అక్కడే ఉన్నాడు. అప్పట్లో నౌపడా నుంచి గుణుపూరుకు నేరోగేజీ రైలు నడిచేది. పనిలేని రోజున బావ దాన్నెక్కి పోయి, మళ్ళీ దాన్లోనే వచ్చేవాడు. అవతల ఆయనకు చుట్టాలూ లేరు, బేరాలూ లేవు. ఆ రైలు ఇళ్ళ వెనక దొడ్లను ఒరుసుకుంటూ పోయేదట. చెయ్యి చాపితే జామకాయ అందేదట. ఆ మాట మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ తరవాత కొన్నేళ్ళకు ఆ పట్టాలు పీకేసి పెద్ద లైను వేస్తున్నారని విన్న రోజు ఆయన రాత్రి అన్నం తినలేదు. దగ్గరి చుట్టం పోయినట్టు కూర్చున్నాడని అక్క నాకు ఫోను చేసి మరీ తిట్టింది.

మోకాళ్ళు మొరాయించి పని మానేశాక ఫోనులో ఎవరెవరో దొడ్లో చిన్న రైళ్ళు నడుపుకునే వీడియోలు ఆయన కంటబడ్డాయి. ఇంకేముంది, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడు. పట్టాల మధ్య ఎడం ఎంత ఉండాలని నన్నడిగాడు. నాకేం తెలుసు? నాలుగు వేళ్ళు పక్కపక్కన ఆనించి చూపించి, బెత్తెడు పెట్టు అన్నాను. ఎగతాళికి అన్నదాన్ని ఆయన కొలతగా తీసుకున్నాడు.

పట్టాలకు సన్నటి ఇనప బద్దలు, వాటి కింద సర్వి కర్ర ముక్కలు, అదే సరుగుడు. చక్రాలు కోటలో లేతు మిషను దగ్గర కూర్చుని తీయించాడు. లోపలివైపు అంచు సరిగ్గా రాలేదని మొదట తీయించినవన్నీ పక్కన పడేశాడు. ఇంజనుకు పాత లారీ వైపరు మోటారు నేనిచ్చాను. బ్యాటరీ వెనక పెట్టెలో కూర్చుంది. నూనె డబ్బా కత్తిరించి ఇంజనుకు ఒళ్ళు చేసి, ఆకుపచ్చ రంగేశాడు. ఇంజనొక్కటే మూరెడు పొడుగు వచ్చింది, దాని వెనక నాలుగైదు పెట్టెలు తగిలించాడు. కూత కోసం బజరు పెడతానంటే వద్దన్నాడు, తనే నోటితో కూస్తానన్నాడు. మనవలు పుట్టాల్సిన వయసులో ఆయన కూసే ఆ కూత విని నేను సిగ్గుతో చచ్చాను.

దొడ్లో మల్లెపాదులున్నాయి, పక్కన కనకాంబరాలు, ఒక మూల నిమ్మచెట్టు. మల్లెలు మా అమ్మవి. ముత్తుకూరు దగ్గర మేం పుట్టిన ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఓడరేవు లారీలు తిరుగుతున్నాయి. ఆ ఇల్లు వదిలేటప్పుడు అక్క వేరే ఏ సామానూ అడగలేదు, అమ్మ పెంచిన మల్లెలకు అంటు కట్టి తెచ్చుకుంది. అమ్మ పోయాక మా ఇద్దరికీ ఆమెవి అంటూ మిగిలినవి ఆ పొదలే. బావ ఆ పొదల చుట్టూ మేకులు పాతి పురికోస కట్టడం చూసి అక్క చేతిలో చీపురుతోనే వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"ఏమయ్యా, నీ రైలు యాడన్నా తిప్పుకో. నా మల్లెల్లో ఒక్క మొక్క చచ్చినా ఆ రోజే పట్టాలు పీకాల. సరేనా?" అంది.

"సరే" అన్నాడు బావ.

మీసం సంగతి తెలిసిన ఇంట్లో ఆ ఒక్క ముక్క చాలు. ఆ రోజు నుంచి ఆ రైలు బతుకు మల్లెపొదల బతుకుతో ముడిపడింది.

మొదట పట్టాలు ఇసుక మీదే పరిచాడు. రైలు నాలుగు బారలు పోతే ఒక పక్క కుంగేది. కోడి గీరినా పట్టా కదిలేది. వారం రోజులు ఓపిక పట్టాడు. తరవాత ఆయనలోని మేస్త్రీ లేచి కూర్చున్నాడు. పాత గుంటల దగ్గర్నుంచి ట్రాక్టరుతో బంకమన్ను తోలించి, మల్లెల చుట్టూ, కనకాంబరాల చుట్టూ, నిమ్మచెట్టును కలుపుకుంటూ రైలుకట్ట వేశాడు. ఎలా వేశాడనుకున్నారు? జీవితమంతా ఎలా వేశాడో అలాగే. ఇసుక తీసి, అడుగున బంకమన్ను తగిలేదాకా కాలవ తవ్వి, నింపి, దిమ్మిసతో కొట్టి, నీళ్ళు చల్లి, మళ్ళీ కొట్టి, మోకాలెత్తు లేపాడు. నిమ్మచెట్టు దగ్గర మలుపులో బయటి పట్టాను కాస్త ఎత్తు చేసి, రైలు వాలి తిరిగేట్టు కుదిర్చాడు. ఆ మలుపు కోసం నెల పైన పట్టింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగానే ఉంది.

పక్కింటి పోలేరయ్య వేట నుంచి వస్తూ వల భుజాన వేసుకుని ఆగి చూశాడు. కట్ట చుట్టూ ఒకసారి తిరిగి, "కట్ట బెమ్మాండంగా ఉండాదన్నా. రొయ్యలెప్పుడు వదుల్తావు?" అన్నాడు. అందరం నవ్వాం. అందరికన్నా ఎక్కువగా బావ నవ్వాడు.

ఆ ఎండాకాలం, ఆ తరవాత వచ్చిన నెలలూ మా బావ జీవితంలో మంచి రోజులు. తెల్లవారగానే గుడ్డ పట్టుకుని పట్టాలు తుడిచేవాడు. ఉప్పుగాలికి రోజూ తుప్పు పడుతుంది మరి. పెళ్ళయినప్పట్నుంచి ఇంట్లో ఒక గిన్నె తుడవని మనిషి ఇనప బద్దల్ని ముద్దుగా తుడుస్తున్నాడని అక్క మూతి విరిచేది. కాఫీ తాగి బండి వదిలేవాడు. అది కనకాంబరాల పక్కనుంచి పోయి, మలుపులో వాలి, మల్లెల వెనక మాయమై మళ్ళీ బయటికొచ్చేది. మల్లెకొమ్మలు పెట్టెల మీద రాసుకునేవి. ఆయన అరుగు మీద కూర్చుని చూసేవాడు, అంతే. ఆ మొహం చూస్తే నాకు వెక్కిరించబుద్ధి అయ్యేది కాదు. మనిషికి అంత తృప్తి ఉంటే చూసేవాడికి కూడా కొంత అంటుతుంది.

అక్క మాత్రం అరుగు మీదికి రాలేదు. వంటింటి కిటికీలోంచి చూసేది, నేను గమనిస్తే కిటికీ మూసేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మా వైపు వానలన్నీ అప్పుడే కదా. ఒక పగలూ రాత్రీ తెరిపి లేకుండా కొట్టి, పొద్దునకు సన్నబడింది. అక్క ఫోను చేసి, ఒకసారి రారా అంది. బండేసుకుని పోయాను. ఊళ్ళో ఎవరి దొడ్లోనూ నీళ్ళు లేవు. ఇసుక నేల ఎంత వాననైనా తాగేస్తుంది. బావ దొడ్లో మాత్రం రైలుకట్ట లోపల నిండుగా చెరువు. మల్లెపొదల పై సగమే బయటికి కనిపిస్తోంది. కప్పలు అరుస్తున్నాయి. కట్ట బయట కాలు పెడితే తడి ఇసుక, అంతే.

చెప్పాను కదా, అడుగున బంకమన్నుతో మూసేశాడని. పక్కలకు పోదామంటే కట్ట, కట్ట కిందుగా పోదామంటే బంకమన్ను. నీళ్ళకు దారేది? ఏ గుంటకైనా నీళ్ళు వదిలే తూము ఎక్కడ పెట్టాలో ముందు చూసి, ఆ తరవాతే పార పట్టనిచ్చే మనిషి, సొంత దొడ్లో తూము లేకుండా కట్ట మూసేశాడు. ఆయన మనసులో అది రైలు, గుంట కాదు మరి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. పోలేరయ్య గోడ మీదుగా చూశాడు గానీ, రొయ్యల మాట ఎత్తలేదు. మంచివాడు.

మల్లెకు తడి కావాలి గానీ వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు. రాత్రంతా నిలిచినట్టుంది. షాపు నుంచి డీజిలు పంపు తెస్తానన్నాను. అది తెచ్చి తోడేసరికి సాయంత్రమవుతుంది, అంతసేపు ఆగవు అన్నాడు బావ. గడపార తీసుకుని నేరుగా నిమ్మచెట్టు మలుపు దగ్గరికి పోయాడు. నేల పల్లం అటే ఉంది, గండి అక్కడే కొట్టాలి. నెల పైన కూర్చుని కుదిర్చిన పట్టాల్ని నిమిషంలో ఊడదీసి పక్కన పెట్టాడు. గడపార వేస్తే కట్ట మీద గీత పడింది, అంతే. మళ్ళీ వేశాడు. ఎగిరొచ్చింది. తన పనితనాన్ని తనే బూతులు తిట్టుకుంటూ గుద్దుతుంటే, నేను పార అందుకున్నాను. ఇద్దరం కలిసి పొడిస్తే కట్ట విడిపోయింది. నీళ్ళు ఎర్రగా ఉరికాయి.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అక్క మోకాళ్ళ దాకా ఉన్న నీళ్ళలో నడిచొస్తోంది. మల్లెల దగ్గర్నుంచి కాదు. రైలును పెట్టే రేకు గూడు దగ్గర్నుంచి. ఇంజన్ని కొంగులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుంది. నన్ను చూసి, చెప్పావంటే చంపుతాననే మొహం పెట్టింది. బావ గండి వైపే చూస్తున్నాడు.

వాన పోయింది, ఎండ వచ్చింది. మల్లె ఆకులు పసుపు పచ్చగా తిరిగి రాలాయి. బావ రోజూ పొద్దున్నే ఒక్కో పొద దగ్గర కూర్చుని కొమ్మలు తడిమి చూసేవాడు. గండి అలాగే ఉంది, రైలు గూట్లోనే ఉంది. నేను మోటారు తుడవడానికి తీసుకుపోతానంటే, ఉండనీ, చూద్దాం అన్నాడు. ఏం చూడాలో మా ఇద్దరికీ తెలుసు. మెల్లిగా పొదలు చిగురు పట్టాయి. గండికి ఎదురుగా, అన్నిటికన్నా పల్లంలో ఉన్న పొద మాత్రం చిగురు పట్టలేదు. ఇంకొన్నాళ్ళు చూస్తానన్నాడు. ఆ కొన్నాళ్ళయ్యాక ఏం చేస్తాడో నాకు అనుమానం లేదు. బోడి మూతితో ఆయన గుమ్మంలో నిలబడ్డ రోజు నాకు బాగా గుర్తుంది.

ఒక రోజు అక్క నాకు ఫోను చేసింది. "రేయ్ కిష్టా, మీ బావను ఓ పూట కోటకు తీసకపో. పొద్దుగూకిందాకా రానీబాక" అంది. ఎందుకంటే చెప్పలేదు. చక్రాలు చూద్దామని బావను బయల్దేరదీసి, లేతు షాపులో కూర్చోబెట్టి, భోజనం పెట్టించి, సాయంత్రానికి దింపాను.

దొడ్లో మల్లెపొదలన్నీ మోకాలెత్తున కత్తిరించి ఉన్నాయి. చలికాలం మొదట్లో మల్లెను కత్తిరించడం మామూలే, అప్పుడే వేసవికి పువ్వు బాగా పడుతుంది. పల్లంలో ఉన్న పొద కూడా అంతే ఎత్తున, రెండు ఆకులేసుకుని నిలబడి ఉంది. ఎండిపోయిన పొదను పెరికేసి, పక్క పొద నుంచి ఎప్పుడో నేల్లో వంచి వేళ్ళు పట్టించిన అంటును అక్కడ నాటి, తేడా తెలియకుండా మిగతావన్నీ కూడా కత్తిరించేసిందన్నమాట. ఇన్ని పొదల్ని వంగి కత్తిరించిన మనిషికి నడుం ఎలా ఉండాలి? అరుగు మీద కూర్చుని ఏమీ ఎరగనట్టు చిక్కుళ్ళు గిల్లుతోంది.

"అన్నీ బతికినాయి" అంది, తలెత్తకుండా.

బావ పల్లంలోని పొద దగ్గర కాసేపు నిలబడ్డాడు. వంగి మన్ను ముట్టుకున్నాడు. ఆమె కత్తిరింపు బాగుందని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. నేను గాలి పీల్చుకున్నాను.

మర్నాటి నుంచి పని మొదలు. గండి పూడ్చుతాడనుకున్నాను, పూడ్చలేదు. సర్వి కర్రలతో దాని మీద వంతెన కట్టాడు. వంతెన కింద తూము, తూముకు గుంటల్లో పెట్టినట్టే పలకలు. ఎత్తాల్సినప్పుడు అక్క కూడా ఎత్తేట్టు వాటికి పిడులు పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని నేనన్నాను. ఆకులైనా సరిగ్గా పట్టుకోవాలి కదా అన్నాడు. సంక్రాంతి పోయిన తరవాత రైలు వంతెన మీద నడిచింది. ఆ రోజు అక్క అరుగు మీదికి వచ్చి కూర్చుంది. కిటికీకి అడ్డంగా ఏదో వస్తువు ఉందని కారణం చెప్పింది.

వంతెన దాటగానే రైలు ఆగేది. బావే ఆపేవాడు. అక్కడ చిన్న అరుగులాంటిది కట్టి, పైన రేకు ముక్క వేసి స్టేషనన్నాడు. ఊరు లేని చోట స్టేషనేందని పోలేరయ్య అడిగితే, పాతకాలం బండ్లు నీళ్ళ కోసం ఆగేవి, ఇది కూడా అంతేనన్నాడు. చివరి పెట్టెలో ఒక డబ్బా బిగించాడు. దానికి పక్కగా సన్నటి గొట్టం. బండి ఆగితే గొట్టంలోంచి చెంబెడు నీళ్ళు కారేవి, అవి కారాక బండి కదిలేది. బ్యాటరీతో నడిచే బండికి నీళ్ళెందుకని నేను నెత్తి కొట్టుకున్నాను. పోనీలే, ముసలాయన ఆట అనుకున్నాను. ఆ నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూడలేదు. మోటార్లు చూసేవాడికి మోటారే కనిపిస్తుంది.

అక్క చూసింది. ఎప్పుడు చూసిందో తెలియదు.

వేసవి వచ్చింది. పొదలన్నీ విరగబూశాయి. అక్క అవతలి పాదుల దగ్గర మొగ్గలు కోసి పెట్టెల్లో పోస్తే, రైలు వాటిని అరుగు దగ్గరికి తెచ్చేది. అటూ ఇటూ నడిచే బాధ ఆమెకు తప్పింది. దీనికి మాత్రం ఆమె ఎప్పుడూ వంక పెట్టలేదు. పల్లంలోని అంటు ఆ వేసవిలో పూస్తుందని నేననుకోలేదు. అది చిన్నది కదా. ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగా, వంతెన దగ్గర వంగి ఉన్న అక్క లేచి, రైలును ఆగిన చోటు నుంచి కదిలించింది. అది మిగిలిన మలుపులో వాలి, చుట్టూ తిరిగి అరుగు దగ్గరికి వచ్చి ఆగింది. పెట్టెలన్నీ ఖాళీ. ఒక పెట్టెలో మాత్రం ఒక్క మొగ్గ ఉంది.

బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అక్క మెల్లిగా నడిచొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"బండి నీళ్ళు రోజూ దాని మొదట్లోనే పోయిస్తుండావే, అది కొత్త మొక్కని నీకెప్పుడు తెలిసింది?" అంది.

"మన్ను చూసినప్పుడే. నలభై ఏళ్ళు మన్నుతోనే గదా బతికినా."

"మరి చెప్పలేదే?"

"చెప్తే పట్టాలు పీకాల గదా, లక్ష్మీ. మాటిచ్చినా" అన్నాడు బావ.

అక్క చెయ్యి చాపింది. మొగ్గ తిరిగి అడుగుతోందనుకుని ఆయన ఇవ్వబోయాడు. అది కాదని తల ఊపి, ఆయన పక్కనున్న తుడిచే గుడ్డ అందుకుని, వంతెన దగ్గర పట్టాలకు చెమ్మ పట్టిందని చెప్పి తుడవడానికి పోయింది. మాట తప్పని మా బావ జీవితంలో తప్పిన మాట అదొక్కటే. నాకు తెలిసి ఆయన చేసిన పనుల్లోకెల్లా మంచిపని కూడా అదే. ఆ మొగ్గ రాత్రికి విచ్చుకుంటే, మా అమ్మ ఇంట్లో వచ్చే వాసనే వచ్చింది.